అక్క మెషిన్‌కి తగిలిన తన్ను

మెషిన్లను తన్నేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. ఈ మాట మా ఊరు మెక్‌గిల్లో ఎవరినడిగినా చెబుతారు. హైవే మీద మూతపడిపోయిన పాత క్యాసినోలో ఇరవై రెండేళ్లు ఆ తన్నుల గుర్తులు చెరపడమే నా ఉద్యోగం. బిళ్ల వేసి పిడి లాగి మూడు చక్రాలు తిప్పే జూదం పెట్టెలు, ఆ స్లాట్ మెషిన్ల లోపలి సంగతి మా ఆయన డెల్బర్ట్ చూసుకునేవాడు, పైసంగతి నేను చూసుకునేదాన్ని. సిగరెట్ వాతలు, గ్లాసు మరకలు, ఉంగరాల గీతలు, వీటన్నిటికన్నా ఎక్కువగా తన్నులు. డబ్బు పోగానే మనిషికి కాలెందుకు లేస్తుందో నాకు ఏనాడూ అర్థం కాలేదు. పెట్టె ఏం చేసింది పాపం? చెక్క, దాని మీద సన్మైకా, నాలుగు మేకులు. నీ జాతకం దానికేం తెలుసు? తన్ను పడ్డచోట గుంట చూసి, తన్నింది ఎవరో చెప్పేదాన్ని నేను. ఇది బూటు, ఇది చెప్పు, ఇది చేతికర్ర, ఇది డెబ్బై దాటిన ముసలావిడ మోకాలు. ఒకసారి ఒక పాస్టర్ గారిని కూడా పట్టుకున్నాను. పేరు చెప్పను, ఇంకా బతికే ఉన్నాడు.

అలాంటి దాన్ని, మిల్కా అనే ఈ అరవై నాలుగేళ్ల దాన్ని, మొన్న ఏప్రిల్లో మా అక్క మెషిన్‌ని తన్నాను. అదీ ముందుభాగంలో ఇనప రేకు ఉన్న పనిబూట్లతో.

అక్క సంగతి ముందు చెప్పాలి. మా అక్క జోరా ఈలీలో ఉంటుంది, ఇక్కడికి పన్నెండు మైళ్లు. ఆ పన్నెండు మైళ్లూ దాటి మాట రావడం ఆగిపోయి నాలుగేళ్లయింది. కారణం వింటే మీరు నవ్వుతారు, నవ్వండి. మా మేనత్త పోయినప్పుడు, సమాధి దగ్గర్నుంచి వచ్చాక పెట్టిన భోజనంలో అక్క చేసిన పొవితిత్సా వడ్డించారు. అక్రోట్ పప్పు పరిచి, చాపలా చుట్టి కాల్చే తీపి రొట్టె అది. మా అమ్మమ్మ క్రొయేషియా నుంచి మోసుకొచ్చిన ఆస్తంతా ఆ రొట్టే. అందరూ ఆహా అంటున్నారు. నేనుండి, ఇందులో తేనె పడలేదు, అమ్మ తేనె వేసేది అన్నాను. అక్క వేసేది కాదంది. అక్కడితో ఊరుకుంటే నేను మిల్కాని ఎలా అవుతాను? కారెక్కి ఇంటికొచ్చి, అమ్మ చేతిరాత ఉన్న కాగితం తీసుకెళ్లి, ఎనభై మంది ముందు బల్ల మీద పరిచాను. తేనె, రెండు చెంచాలు అని ఉంది అందులో. నేను చెప్పింది నిజమే. గొడవంతా అదే. అబద్ధమైతే అక్క ఎప్పుడో మర్చిపోయేది.

ఆ తర్వాత అక్క ఫోన్ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. గెలిచినదాన్ని, నేనెందుకు చేస్తాను? ఇలా అనుకుంటూనే నాలుగు శీతాకాలాలు గడిచాయి. నిజం చెప్పొద్దూ, నాకు అక్క లేని లోటు బాగా తెలిసింది. ఊళ్లో ఎవరి మీదైనా చాడీ చెప్పాలంటే డెల్బర్ట్‌కి చెప్పుకోవాల్సి వచ్చేది. ఆయనకి చాడీ చెప్పడం బావిలో రాయి వెయ్యడమే, ఊఁ అని కూడా అనడు.

ఏప్రిల్లో ఒక ఆదివారం అక్క ఫోన్ చేసింది, డెల్బర్ట్‌కి. క్యాసినో మూసేసినప్పుడు వేలంలో కొనుక్కున్న మెషిన్ ఒకటి ఉంది ఆమె దగ్గర. రోజూ రాత్రి భోజనం కాగానే ఇరవై సార్లు పిడి లాగితే తప్ప ఆమెకు నిద్ర పట్టదు. ఇప్పుడు దాని నడిమి చక్రం మొరాయిస్తోందట. ఈ జిల్లాలో దాని లోపలికి చెయ్యి పెట్టగలిగినవాడు మా ఆయన ఒక్కడే, కాబట్టి ఆమెకూ వేరే దారి లేదు.

సోమవారం పొద్దున పికప్‌లో మెషిన్ వేసుకుని వచ్చింది. డెల్బర్ట్, పక్కింటాయన కలిసి దాన్ని మా వెనక వసారాలో దింపి, మోకాలెత్తు బల్ల మీద పెట్టారు. అక్క చిక్కిపోయింది. జుట్టు కురచగా కత్తిరించుకుంది, బాగాలేదు. నేను మూడడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"లోపల నీ ఇష్టం డెల్బర్టూ, ఏమైనా చేసుకో," అంది అక్క. "బయట మాత్రం ఎవ్వరూ చెయ్యి పెట్టడానికి వీల్లేదు. మిల్కాకి కూడా చెప్పు."

"సరేనన్నానని చెప్పు," అన్నాను డెల్బర్ట్‌తో.

ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఎవరికీ ఏమీ చెప్పకుండా స్క్రూడ్రైవర్ వెతుక్కోవడానికి పోయాడు. శనివారం మధ్యాహ్నం వస్తానని గాలికి చెప్పి అక్క వెళ్లిపోయింది. పోతేపోనీ, నాలుగేళ్ల తర్వాత అక్క నోట నా పేరు విన్నాను. ఆ పూటంతా నాకు అన్నం సయించింది.

డెల్బర్ట్ మంగళవారానికల్లా పని తేల్చేశాడు. తలుపు తెరిచి, టార్చి వేసి చూసి, "హుఁ" అన్నాడు. దేన్నో గూట్లోకి నెట్టాడు, ఒక తీగ బిగించాడు. ఏమైందని అడిగితే, కదిలింది అన్నాడు. ఎందుకు కదిలిందంటే భుజాలెగరేశాడు. మనిషితో మాట్లాడించడం కన్నా మెషిన్‌తో డబ్బు కక్కించడం తేలిక మా ఇంట్లో.

మా పనివాళ్లలో ఒక పద్ధతి ఉంది. బాగుచేసినవాడు తన చేత్తో పరీక్ష ఆడకూడదు. వాడి దగ్గర మెషిన్ మొహమాటపడుతుంది, అసలు బుద్ధి చూపించదు అంటారు. పరీక్షకి నలభై పావలా బిళ్లలు ఉంటాయి, గుర్తు కోసం ఎర్ర గోళ్లరంగు పూసి. అవి ఆటయ్యాక కింద సొరుగు తెరిచి మళ్లీ డబ్బాలో పోసుకునేవి. అంటే ఎవరి డబ్బూ కాదు, పోయేదీ లేదు, వచ్చేదీ లేదు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే కూర్చున్నాను.

దొడ్లో కట్టెలు పేర్చి అప్పుడే వచ్చాను, బూట్లు కూడా విప్పలేదు. ముప్పై సార్లు లాగాను, ఒక్క చెర్రీ పండు బొమ్మ కూడా రాలేదు. సరే, మెషిన్ నిజాయితీగా పనిచేస్తోంది అనుకున్నాను. మూడు ఏడులు ఒకే గీత మీద పడితే పెద్ద గెలుపు. ముప్పై ఒకటోసారి రెండు ఏడులు పడ్డాయి, మూడోది పైనే ఆగిపోయింది. ముప్పై ఆరోసారి మళ్లీ రెండు ఏడులు. ముప్పై తొమ్మిదోసారి రెండు ఏడులు పడి, మూడో ఏడు మెల్లగా దిగి, గీత మీద నిలబడి, నన్ను ఒకసారి చూసి, కిందికి జారిపోయింది. ఆ తర్వాత నాకు తెలిసినదల్లా చప్పుడే.

డెల్బర్ట్ చేతిలో శాండ్‌విచ్‌తో గుమ్మంలోకి వచ్చాడు.

"పరీక్ష అయిందా?"

"ఇంకొక్క బిళ్ల ఉంది."

"మెషిన్ ఎలా ఉంది?"

"లోపల బానే ఉంది," అన్నాను.

ముందువైపు, కింద, కుడి మూల. నా అరచెయ్యంత సన్మైకా పెచ్చులుగా లేచిపోయింది, లోపలి చెక్క గుంటపడింది. బూటు ముందుభాగం అచ్చుగుద్దినట్టు దిగింది. ఏ గుడ్డివాడు తడిమినా ఇది బూటు, మనిషి కోపంలో ఉంది అని చెప్పేస్తాడు. నాకు భయమేసింది. మెషిన్ పాడైందని కాదు, దాన్ని బాగుచెయ్యడం నాకు వెన్నతో పెట్టిన విద్య. అక్క చూసిందంటే, రొట్టె మీద కోపం నేను మెషిన్ మీద తీర్చుకున్నాననే అనుకుంటుంది. నలభై ఎర్ర బిళ్లల కోసం తన్నానంటే ఎవరు నమ్ముతారు, నేనే నమ్మలేకపోతున్నాను. ఇక ఆమె ఈ గుమ్మం తొక్కదు. ఈసారి నాలుగేళ్లతో పోదు, మా ఇద్దరికీ అన్నేళ్లు మిగిలి ఉన్నాయో లేదో కూడా తెలియదు. కాబట్టి శనివారం లోపల ఆ తన్ను ఈ లోకంలో లేకుండా పోవాలి.

బుధవారం పొద్దున్నే మొదలుపెట్టాను. లేచిపోయిన పెచ్చుల్ని కత్తితో సాపుగా కోసేశాను. గుంటపడిన చెక్క మీద తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె ఆనిస్తే, ఆవిరికి చెక్క ఉబ్బి సగం గుంట పూడింది. మిగతా సగానికి కార్లకి పెట్టే పుట్టీ పెట్టాను. ఆరాక ఉప్పు కాగితంతో, మొదట ముతకది, తర్వాత సన్నది, వేలికి అంచు తగలకుండా పోయేదాకా రుద్దాను. నల్లరంగు పల్చగా ఐదు పూతలు. మా ఊళ్లో వసంతకాలం అంటే దుమ్ము, తలుపు తీస్తే పూత మీద మెత్తగా కూర్చుంటుంది. అందుకని వసారా తలుపుల సందుల్లో పాత దుప్పట్లు కుక్కి, జుట్టు ఆరబెట్టుకునే మెషిన్‌తో ఆరబెట్టాను. డెల్బర్ట్ రెండుసార్లు కాఫీ కోసం వచ్చి, తలుపు రాక, కిటికీలోంచి చూసి పోయాడు.

గురువారం మధ్యాహ్నానికి తన్ను మాయమైంది. కొత్త నలుపు మరీ మెరవకుండా స్టీలు పీచుతో రెండు దెబ్బలు వేసి, మైనం రాసి, పాత నలుపులో కలిపేశాను. నన్ను నేనే మెచ్చుకున్నాను, మెచ్చుకునేవాళ్లు వేరే ఎవరున్నారు? అప్పుడైనా చేతులు కడుక్కుని లోపలికి పోవాల్సింది. కానీ ఒక మూల శుభ్రంగా ఉంటే మిగతాది జిడ్డుగా కనబడుతుంది కదా. ముందుభాగమంతా ఒక్కసారి తుడిస్తే సమానంగా ఉంటుందని గుడ్డకి టర్పెంటైన్ అద్ది, ఎడమ మూల తుడిచాను. గుడ్డ నల్లగా అయిపోయింది.

సన్మైకా రంగు దిగదు. మళ్లీ తుడిచాను, ఇంకా నల్లగా వచ్చింది. వాసన చూశాను. బూట్ పాలిష్. దాని కింద గులాబిరంగులో ఏదో ముద్ద. చాకు మొనతో కదిపితే తీగలా సాగింది. దాల్చినచెక్క వాసన. చూయింగ్ గమ్. ఒళ్లు తెలియని ఉత్సాహంలో దాన్నంతా పెకిలించి పారేశాను. దాని కింద బయటపడింది, పగిలిన సన్మైకా, చెక్కలో గుండ్రటి గుంట. మెత్తటి బూటు, కింది నుంచి పైకి వచ్చిన దెబ్బ, ఎడమకాలు. మా పుట్టింట్లో బంతిని ఎడమకాలితో తన్నే మనిషి అక్క ఒక్కతే, దాల్చినచెక్క గమ్ నమిలే మనిషీ ఆమే.

నేను నేల మీద కూలబడి నవ్వాను. కళ్లలోంచి నీళ్లొచ్చేదాకా నవ్వాను. డెల్బర్ట్ పరిగెత్తుకొచ్చాడు, నాకేదో అయిందనుకుని. చాకుతో ఎడమ మూల చూపించాను. ఆయన వంగి చూసి, తల ఊపాడు.

"నీకు ముందే తెలుసా?" అన్నాను.

"సోమవారమే తెలుసు. చక్రాల పెట్టె దానంతటది గూట్లోంచి బయటికి రాదు."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే నీ నోరు ఊరుకుంటుందా?"

ఊరుకోదు. ఎందుకు ఊరుకోవాలి? బయట చెయ్యి పెట్టడానికి వీల్లేదని ఎంత హుకుం జారీ చేసింది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, గమ్ పెట్టి పాలిష్ రాసి నా కంటి నుంచి దాచిందట, నా కంటి నుంచి. శనివారం రానీ అనుకున్నాను. ఏం అనాలో అప్పుడే సాధన చేశాను డెల్బర్ట్ ముందు. ఏమక్కా, నీ మెషిన్ పెళ్లికి వెళ్తోందా, బూట్ పాలిష్ వేశావు? ఏమక్కా, పంటి కింద నలిగిన గమ్‌తో చెక్క అతుకుతుందని అమ్మ కాగితంలో రాసి ఉందా? ఈ రెండోది నాకు మహా బాగా నచ్చింది, రెండుసార్లు అన్నాను.

డెల్బర్ట్ మొదట నవ్వాడు. తర్వాత చేతిగుడ్డతో చేతులు తుడుచుకుంటూ లేచాడు.

"అను. బాగుంది," అన్నాడు. "నువ్వు చెప్పేది నిజమే కదా."

అంతే అని లోపలికి వెళ్లిపోయాడు. ఏడాదికొకసారి మాట్లాడతాడు మహానుభావుడు, ఆ మాట తిన్నగా వచ్చి తగులుతుంది. నేను చాకు పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఆ రోజు కాగితం బల్ల మీద పెట్టినప్పుడు అక్క నా వైపు చూడలేదు. తన పళ్లెం వైపు చూసింది. చేతిలో ముక్క ఉంది, దాన్ని తినకుండా మెల్లగా కింద పెట్టింది. పొద్దున నాలుగింటికి లేచి చేసి ఉంటుంది ఎనభై మందికి రొట్టె. ఈ సంగతి నాకు ఆ రోజే కనబడింది, చూసి కూడా కాగితం మడత పెట్టి జేబులో వేసుకున్నాను. నా మీద నాకే సిగ్గేసింది.

సరే. అయితే ఇప్పుడు దారేమిటి? ఎడమ మూలను కూడా చక్కగా బాగుచేసేస్తే, నేను చూసినట్టు ఆమెకు తెలిసిపోతుంది. అలా వదిలేసినా తెలిసిపోతుంది. మిగిలింది ఒక్కటే, ఆమె చేసిన చెత్తపనిని మళ్లీ ఆమె చేసినట్టే చెయ్యాలి. ఇరవై రెండేళ్లలో అంత కష్టమైన పని నాకు ఎవరూ చెప్పలేదు.

గమ్ నమలాలి. నా కట్టుడుపళ్లకి గమ్ అతుక్కుంటే పళ్లతో సహా బయటికి వస్తుంది. కాబట్టి డెల్బర్ట్ నమిలాడు, ఐదు గమ్ ముక్కలు ఒకేసారి, నాలుక మండుతోందని మూలుగుతూ. ఆ ముద్దను గుంటలో పెట్టి ఒత్తాను. ఆయన చూసి, ఇది నువ్వు చేసినట్టుంది, అంచులు కలిసిపోయాయి, మళ్లీ చెయ్యి అన్నాడు. తీసి మళ్లీ పెట్టాను. ఇంకా బాగుంది అన్నాడు. చేతికి వచ్చిన పని పొమ్మంటే పోతుందా? చివరికి ఎడం చేత్తో, మొహం పక్కకి తిప్పుకుని ఒత్తితే గానీ కుదరలేదు. ముద్ద ఒకవైపు పొంగి, ఒకవైపు దిగి, నడుమ వేలిముద్రతో పరమ అసహ్యంగా తయారైంది. డెల్బర్ట్ అచ్చం వదిన పనే అని సంతోషించాడు.

పాలిష్ కోసం శుక్రవారం ఈలీ వెళ్లాల్సి వచ్చింది, మా ఇంట్లో బూట్లు తోమిన పాపాన ఎవరూ పోలేదు. అక్క కంటబడకుండా డెల్బర్ట్ టోపీ చెవుల దాకా లాక్కుని, గుర్రపు జీన్లూ బూట్లూ అమ్మే కొట్లో దూరాను. కొట్లో అబ్బాయి ఏ రకం తోలు అని అడిగాడు. చెక్క అన్నాను. వాడు ఇంకేమీ అడగలేదు. ఇంటికొచ్చి పాత గుడ్డతో, ఎక్కడ ఆపాలో తెలియనివాళ్లలా, అవసరమైన చోటు దాటించి మరీ పులిమాను. కుడి మూల నా పని, కళ్లు చెదిరేలా. ఎడమ మూల నా పనే, కడుపులో తిప్పేలా. ఆ ఎడమ మూలను అలా వదిలేసి తలుపు వేసుకోవడానికి నాకు ప్రాణం ఒప్పలేదు.

శనివారం పొద్దున్నుంచీ క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి పొయ్యి మీద పెట్టాను. అక్కకి ప్రాణం అవంటే. రెండింటికి పికప్ చప్పుడైంది.

అక్క లోపలికొచ్చింది, తేలు కుట్టిన దొంగలా ఉంది మొహం. మెషిన్ ముందు నిలబడి, చక్రాలు చూడలేదు, పిడి చూడలేదు, మొదట ఎడమ మూల చూసింది. పాలిష్ ఉన్నచోట ఉంది. ఆమె భుజాలు దిగాయి. నేను గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాను. డెల్బర్ట్ మూడుసార్లు ఆడించి చూపించాడు, నడిమి చక్రం నీళ్లలా తిరిగింది. అక్క ఆయనకి పచ్చి మిరపకాయల ఊరగాయ సీసా ఇచ్చింది, చేతికి ముద్దు పెట్టినంత పని చేసింది. బయట ఎవరూ ముట్టుకోలేదు కదా అని అడిగింది. ఆయన ఊరగాయ మూత తియ్యడంలో మునిగిపోయాడు.

కాఫీ తాగమని అడిగాడు డెల్బర్ట్. వద్దంది. ఇల్లంతా క్యాబేజీ చుట్టల వాసన కమ్ముకుని ఉంది, ఆమె ముక్కు కదలడం నేను చూశాను, అయినా అడగలేదు. మనవడు రేపు ట్రాలీ తెచ్చి మెషిన్ తీసుకెళ్తాడంది. కోటు బొత్తాలు పెట్టుకుంది.

"వస్తాను," అంది గుమ్మంతో.

అప్పుడు తెలిసింది నాకు. మెషిన్ బాగైపోయింది. రేపు మనవడు వచ్చి పట్టుకుపోతాడు. ఇక అక్కకి ఈ ఇంట్లో పనేమీ లేదు. మెషిన్ మళ్లీ పాడవడానికి ఇంకెన్నేళ్లు పడుతుందో, డెల్బర్ట్ పని అంత తొందరగా పాడయ్యేది కాదు. తన్ను కనబడకపోతే అక్క ఉంటుందనుకున్నాను, తీరా కనబడకపోయేసరికి వెళ్లిపోతోంది. ఆమె చెయ్యి తలుపు మీద ఉంది. ఆమెను ఆపడానికి నా దగ్గర ఉన్నది ఆ తన్ను ఒక్కటే.

"అక్కా," అన్నాను. "నీ మెషిన్‌ని నేను తన్నాను."

ఆమె వెనక్కి తిరిగింది. నాలుగేళ్లలో మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"ఏం చేశావు?"

"తన్నాను. బూటుకాలితో. పరీక్ష బిళ్లలు, మూడో ఏడు పడలేదని."

"ఎక్కడ?"

కుడి మూల చూపించాను. ఆమె చేతిసంచి కింద పెట్టి, మోకాళ్లు పట్టుకుంటూ, అమ్మా అయ్యా అనుకుంటూ కింద కూర్చుంది. కళ్లజోడు మార్చుకుని చూసింది. ఏమీ కనబడలేదు. ఇక్కడా అంది, కాదు ఇక్కడ అన్నాను, ఆమె వేలు పట్టుకుని అక్కడ రుద్దించాను. అయినా ఆమెకి తగల్లేదు. నాకు ఆ అవస్థలో కూడా కొంచెం గర్వంగానే ఉంది.

తిట్టడం మొదలుపెట్టింది. ఇరవై రెండేళ్లు ఊళ్లోవాళ్లకి నీతులు చెప్పి నువ్వు చేసే పనా ఇది అంది. నమ్మి ఇస్తే చేసే పనా అంది. బయట ముట్టుకోవద్దంటే కాలితో ముట్టుకుంటావా అంది. చిన్న పిల్లవా, గాడిదవా, వయసు రాగానే సరా అంది. ఆమె గొంతు పెరిగేకొద్దీ నాకు లోపల హాయిగా ఉంది. ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. డెల్బర్ట్ ఊరగాయ సీసా మీద నుంచి మమ్మల్ని చూస్తున్నాడు, ఆయనకి పొలమారింది.

"మెషిన్‌ని తన్నేవాళ్లకి అసలు..." అంటూ అక్క లేవబోయింది. మోకాలు పట్టు తప్పి, ఆసరా కోసం మెషిన్ ఎడమ మూల గట్టిగా పట్టుకుంది.

లేచి నిలబడ్డాక అరచెయ్యి చూసుకుంది. నల్లగా, తడిగా ఉంది. తన పాలిష్ ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది, ఈ పాలిష్‌కి ఒక్క రోజు కూడా నిండలేదు. ఆ సంగతి ఆమెకి అర్థమవడం నేను కళ్లారా చూశాను. మొహంలో రంగు మెడ నుంచి పైకి పాకింది. ఆమె నా వైపు చూడలేదు. ఆ రోజు పళ్లెం వైపు చూసినట్టు, తన చేతి వైపే చూస్తోంది.

నాలుక చివర రెండు మాటలూ సిద్ధంగా ఉన్నాయి, పెళ్లి మాటా, కాగితం మాటా. వాటిని మింగాను. మిరపకాయ మింగినట్టే ఉంది.

"ఆగిపోయావేం అక్కా?" అన్నాను. "నేను చేసింది చిన్న తప్పా? ఇంకా తిట్టు. కాఫీ పెడతాను, కూర్చుని తిట్టు."

అక్క ఆ నల్లటి చేతిని తన మంచి స్కర్టుకే తుడుచుకుని, కోటు బొత్తాలు ఒక్కొక్కటే విప్పి, కుర్చీ లాక్కుంది.

"చిన్నప్పట్నించీ అంతే నువ్వు," అని మొదలుపెట్టింది.